చౌక మరమ్మతు వెల



నేను ముప్పదిరెండు సంవత్సరములు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. మోటారుబండ్ల మరమ్మతును గూర్చి నేను ప్రసంగింప వచ్చుట చూచి, సమాసములు విడదీయువాడు చక్రములు విడదీయుటకు పూనుకొన్నాడేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వదగినదే. ఐనను ఈ విషయమున నాకు గలిగిన జ్ఞానము గ్రంథములవలన వచ్చినది కాదు. మూడువందల ముప్పది రూపాయలు మిగుల్చుకొనబోయి సంపాదించినది. ఆ వృత్తాంతమును మీకు విన్నవింతును.

మాది కృష్ణా డెల్టాలో కాలువగట్టున నున్న యొక చిన్న యూరు. నా బాల్యమున మా యింట రెండెడ్ల బండి యుండెను. దాని ఆకు విరిగినను, పట్టా సడలినను ఊరి వడ్రంగియు, కమ్మరియు వచ్చి సరిచేసెడివారు. వారికి పనికింత యని రొక్కమిచ్చు వాడుక లేదు. పంట నూర్చినప్పుడు కళ్లములో మేర కొలిచెడివారము. బండి ఏటికి నాలుగుమారులు చెడినచో నాలుగుమారులును వడ్రంగియే శ్రమపడవలెను. మేర మాత్రము పెరుగదు. కావున మొదటిసారియే పని గట్టిగా చేయుట అతనికే లాభము. పైగా అతని బిడ్డలును ఆ బండిమీదనే తిరునాళ్లకు పోవుదురు. ఈ మేరల యేర్పాటు ధర్మబద్ధమైనదని నేను చెప్పుట లేదు. పంట తగ్గిన యేడు కుంచము తలగొట్టి కొలిచి, ఆ వృత్తులవారి కడుపు కొట్టిన ఆసాములను నేను చూచియున్నాను. కాని, చెడ్డపని చేసినచో అది చేసినవాని యింటికే తిరిగివచ్చు నను నొక కట్టుబాటు అందులో నుండెను. నేడు పనికింత యని రొక్కమిచ్చి వచ్చెదము. పని చెడినచో ఆ నష్టము చేసినవానికి గాక మరియొకరికి తగులును. ఎవరికి తగులునో ముందుగా తెలియదు. నా విషయమున అది నా భార్యకు తగిలినది.

2022వ సంవత్సరము శ్రావణమాసారంభమున నా మోటారుసైకిలు వెనుక బ్రేకు పట్టు తప్పెను. గొలుసు సడలెను. ఇంజనులో నూనె మార్చవలసిన గడువును దాటెను. మండల కేంద్రమున పదియేండ్లుగా నా బండిని చూచుచున్న ముసలి మేస్త్రి యొకడు గలడు. రేకుల షెడ్డు, ఒక బల్ల, గోడకు వరుసగా వ్రేలాడు పానాలు, ఇదియే అతని సంపద. అతడు బండిని నిలబెట్టి చూచి తొమ్మిదివందల యేబది రూపాయ లగునని చెప్పెను. నాకది హెచ్చుగా తోచినది. బజారు మలుపున క్రొత్తగా నొక షెడ్డు వెలసినదనియు, అచ్చట అన్నియు చౌక యనియు వినియుంటిని. అచ్చటికి పోయి యడుగగా ఆరువందల యిరువది యనిరి. పండితుడనైనను తీసివేత వచ్చును గదా! మూడువందల ముప్పది మిగిలినవని లోలోన సంతోషించి బండి నప్పగించితిని. "బిల్లు కావాలంటే ధర వేరండీ" అని యజమాని చెప్పగా, అక్కరలేదంటిని.

ఇక నేను చెప్పవలసిన మాట యొకటి గలదు. దానిని చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది. ఆ షెడ్డులో నా బండి చక్రమును విప్పినవాడు యజమాని కాడు. చేతులు మోచేతులదాక నల్లనైన యొక పండ్రెండేండ్ల బాలుడు. వాడు నన్ను చూచి, పానా క్రింద పెట్టి, "నమస్కారం మాష్టారూ" అనెను. మా బడి పిల్లవాడే. ఏడవ తరగతిలో నుండవలసినవాడు. నేను యజమానితో "వీడు బడికి పోవుట లేదా?" యంటిని. "సెలవులు గదండీ" యని యతడు బదులు చెప్పెను. శ్రావణమాసములో ఏ సెలవులు? ముప్పదిరెండేండ్లు హాజరుపట్టీ వ్రాసిన నాకు తెలియదా? తెలియును. తెలిసియు, బల్లమీద నున్న పత్రిక తీసికొని చదువుచు కూర్చుంటిని. ఆ చౌక ధర ఎచ్చట నుండి వచ్చుచున్నదో నా కన్నుల యెదుటనే యుండెను. చూడకుండుటయే నాకు లాభముగా నుండెను.

పండ్రెండు దినములు బండి చక్కగా నడచెను. పదుమూడవనాడు శ్రావణ శుక్రవారము. నా భార్య తన చెల్లెలింట పేరంటమునకు పోవలసియుండగా వెనుక కూర్చుండబెట్టుకొని కాలువగట్టువెంట పోవుచుంటిని. చీర కట్టుకొన్న స్త్రీలు ఒక ప్రక్కకే కూర్చుందురు గదా. పట్టుకొనుటకు ఒక చేయి మాత్రమే మిగులును. రెండవచేత పసుపుకుంకుమల పళ్లెము. కాలువలో నుండి గేదె యొకటి యకస్మాత్తుగా గట్టెక్కెను. నేను బ్రేకు త్రొక్కితిని. వెనుకచక్రము ఒక్క క్షణములో కొయ్యబారిపోయెను. బండి ప్రక్కకు జారెను. నాకు మోకాలు గీచుకొన్నది. ఆమె దూరముగా పడి, సరిహద్దు రాతిపై కుడిచేయి మోపెను. మణికట్టులోని రెండెముకలును విరిగినవి. పట్టణమున శస్త్రచికిత్స చేసి ఇనుపపలక బిగించిరి. మందులు, గది, రాకపోకలు అన్నియు కలిసి యేబదియెనిమిది వేల రూపాయలైనవి. డబ్బు మాట యటుంచుడు. నేటికిని ఆమె కుడిచేయి పూర్తిగా మెలి తిరుగదు. వాకిట ముగ్గు పెట్టునప్పుడు పిండి వ్రేళ్లనడుమ సన్నని ధారగా జారదు. ఆమె యెడమచేత పెట్టుట నేర్చుకొన్నది.

ప్రమాదమునకు గేదెయే కారణమని నేను పదిమందికి చెప్పుకొంటిని. ముసలి మేస్త్రి వచ్చి బండిని చూచి, మాటాడక, నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వ్రేలితో చూపెను.

చూడుడు, వెనుకచక్రపు గుండ్రని డ్రమ్ములో బ్రేకుషూలు రెండుండును. అవి యొక పళ్లెమునకు అమర్చబడి యుండును. బ్రేకు త్రొక్కగా షూలు విచ్చుకొని, తిరుగుచున్న డ్రమ్మును ఒరసి పట్టుకొనును. పట్టుకొన్నప్పుడు డ్రమ్ము ఆ పళ్లెమును గూడ తనతో త్రిప్పుకొని పోజూచును. అట్లు తిరుగకుండ పళ్లెమును బండి చట్రమునకు కట్టియుంచు నినుపకడ్డీ యొకటి గలదు. చక్రము విప్పవలెనన్న ముందుగా ఆ కడ్డీ మర విప్పవలెను. తిరిగి బిగించిన పిమ్మట ఆ మరకు అడ్డముగా సన్నని రెండు కొనల పిన్నొకటి దూర్చి కొనలు విరువవలెను. లేకున్న ఆ మర అదురునకు క్రమముగా వదులై యూడిపోవును. కడ్డీ యూడినచో, బ్రేకు త్రొక్కగనే పళ్లెము చక్రముతోపాటు తిరిగి, బ్రేకును తానే మరింత బిగలాగును. చక్రము కొయ్యబారును.

"పిన్ను పెట్టలేదండీ మాష్టారూ. నట్టు బిగించి వదిలేశారు" అనెను మేస్త్రి.

ఆ పిన్ను వెల యెంత యని యడిగితిని. రెండు మూడు రూపాయ లుండవచ్చుననియు, తాను దానికి ప్రత్యేకముగా డబ్బడుగననియు చెప్పెను.

ఎడ్లబండి యెక్కిన మీకు కడసీల యననేమో చెప్పనక్కరలేదు. ఇరుసు కొనను కడసీల లేకుండ బండి కట్టువాడు ఊరిలో నుండడు. పొలిమేర దాటకమునుపే చక్రము తప్పును. మోటారుబండిలోను అట్టి కడసీల లెన్నియో గలవు. అయితే అవి కంటికి కనబడవు. కడసీల లేని యెడ్లబండి పది బారలలో తన లోపమును చెప్పును. మోటారుసైకిలు పండ్రెండు దినములు మౌనముగా నుండి, పదుమూడవనాడు చెప్పును. చౌక పనికిని మంచి పనికిని మొదటివారమున భేద మేమియు తోచకపోవుటకు కారణ మిదియే. రెండు బండ్లును నడచును. రెండింటికిని నీళ్లు కొట్టి తుడిచి యిత్తురు. చౌకగా చేసినవాడే మరికొంచెము మెరపించి యిచ్చునేమో!

మేస్త్రి అంతటితో ఆగలేదు. ఆరువందల యిరువదికి ఆ పని యెట్లు సాధ్యమైనదో యొక్కటొక్కటిగా విప్పి చూపెను. అరిగి సాగిన గొలుసును మార్చుటకు బదులు దానిలో రెండు లంకెలు కత్తిరించి కురుచ చేసిరి. బయటికి బిగువుగానే కనబడును. కాని సాగిన లంకెలు పండ్లచక్రపు పండ్లమీద సరిగా కూర్చుండవు; పండ్లు కొక్కెములవలె వంగి యరిగిపోవును. గొలుసును, పండ్లచక్రములు రెండింటిని ఒక్కసారియే మార్చుట పద్ధతి. అట్లు చేయనందున నేను మూడు నెలలలో అన్నియు మార్పింపవలసివచ్చెను. నూనె సంగతి యింకను వింత. మన యెడ్లబండికి కందెన ఇరుసొకదానికే. మోటారుసైకిళ్లలో పెక్కింటికి ఇంజను, గేర్లు, క్లచ్చిపలకలు మూడును ఒక్క నూనెలోనే మునిగియుండును. చిన్న బండ్లకు పట్టునది సుమారు ఒక లీటరు. కార్లకు ఉద్దేశించిన కొన్ని నూనెలు దానిలో పోసినచో పలకలు పట్టు తప్పి జారును. మోటారుసైకిలు నూనె డబ్బామీద జాసో ఎమ్‌ఏ అను గుర్తుండుట అందులకే. నా బండిలో పోసినది అదియు గాదు, ఇదియు గాదు. వాడి పారబోయవలసిన నూనెను వడగట్టి, పాత డబ్బాలో నింపిన సరకని మేస్త్రి వ్రేళ్లమధ్య రాచి వాసనచూచి చెప్పెను. ఆ మీద నేను నూనె డబ్బా నా యెదుటనే మూత విప్పవలెననియు, ఖాళీ డబ్బాకు రంధ్రము పొడిచి పారవేయవలెననియు పట్టుపట్టుచున్నాను. అట్లు పొడువనిచో ఆ డబ్బాయే మరల నింపబడి మనయొద్దకు వచ్చును.

కోపముతో నేనా మలుపు షెడ్డునకు పోయితిని. యజమాని నా మాట పూర్తిగా వినకయే ఆ బాలుని పిలిచి నా యెదుటనే నెత్తిమీద మొట్టెను. "పిన్ను పెట్టమని చెప్పానా లేదా?" యని గద్దించెను. బాలుడు నా ముఖము చూచెను. వాడు నన్ను నిందింపలేదు; అది నాకింకను బాధాకరముగా నుండెను. వానికి పిన్నంటే యేమో యెవరును నేర్పలేదు. నేర్పవలసినవాడు కొట్టుచున్నాడు. బడికి పంపవలసిన నేను పత్రిక చదువుకొంటిని. నా భార్య చేయి విరుగుటకు ఆ బాలుడు కారణమని నేను చెప్పనేర్తునా? బేరమాడినది నేను; యిచ్చినది ఆమె; తిన్నది వాడు.

పదునాలుగేండ్లు నిండని పిల్లలచేత ఏ పనియు చేయింపరాదని 1986వ సంవత్సరపు చట్టమును 2016లో సవరించి శాసించిరి. బడి వేళ దాటిన తరువాత తమ యింటి పనిలో సాయపడుట వంటి కొన్నింటికి మాత్రమే వెసులుబాటు. మెకానిక్కు షెడ్డు దానిలోనికి రాదు. 1098 అను సంఖ్యకు ఫోను చేసినచో పిల్లల రక్షణకు సంబంధించినవారు వత్తురు. ఇదంతయు నాకు ముందే తెలియును. తెలిసిన విషయమును తరగతిలో చెప్పుటయు, బజారులో చేయుటయు వేరువేరని నాకా దినమున తెలిసినది. ప్రధానోపాధ్యాయుని వెంటబెట్టుకొని బాలుని తండ్రి యొద్దకు పోయితిని. అతడు షెడ్డు యజమానియొద్ద పదివేలు బదులు తీసికొని యున్నాడట. దాని నెట్లో తీర్పించి పిల్లవానిని బడిలో కూర్చుండబెట్టితిమి. వాడు ఏడవ తరగతి ముగించెను. ఎనిమిదవ తరగతి సగములో మరల కనబడలేదు. ఇప్పుడు ఏ యూరనున్నాడో వాని తండ్రియు సరిగా చెప్పడు.

షెడ్డు యజమానిమీద వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయుమని మా యూరి యువకులు కొందరు నన్ను ప్రోత్సహించిరి. 2019వ సంవత్సరపు చట్టము ప్రకారము సేవలోని లోపమునకు రెండేండ్లలోపల జిల్లా కమిషనునందు ఫిర్యాదు చేయవచ్చును. ఐదు లక్షలలోపు వ్యవహారమునకు రుసుము గూడ లేదు. మంచి చట్టమే. కాని నేనిచ్చిన ఆరువందల యిరువదికి కాగితమేది? నా బండి ఆ షెడ్డులోనికి పోయినదనుటకే నిదర్శనము లేదు. బిల్లు అక్కరలేదన్నప్పుడు నేను విడిచిపెట్టుకొన్నది ఆ హక్కును. అంతేకాదు, లోపమున్న బండిని, సామాన్యమైన జాగ్రత్తతో ఆ లోపమును కనిపెట్టగలిగియుండియు, త్రోవపై నడిపినవాడు 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము తానే దోషి. వెనుక కూర్చున్నది నా భార్య గనుక సరిపోయినది. ఎదుట మరియొకరి బిడ్డ యున్నచో?

ఒక్క మోటారుసైకిలుతోనే యిది ముగియదు. మరుసటియేడు మా బావమరది ట్రాక్టరునకు డీజిలు ఫిల్టరు మార్చవలసివచ్చెను. కంపెనీ ఫిల్టరునకును, అదేవలె కనబడు మరియొకదానికిని నూటయేబది రూపాయల తేడా. నా అనుభవమంతయు వినియు అతడు చౌకదానినే వేయించెను. బంధువుల మాట చెవి కెక్కదు గదా! దమ్ము చేయు రోజులలో, చేలో ఇనుపచక్రములతో నుండగా, ట్రాక్టరు దగ్గి దగ్గి నిలిచిపోయెను. ఆ ఫిల్టరులోని కాగితము చిరిగి దుమ్ము డీజిలు పంపులోనికి పోయినది. ఆ పంపులోపలి ముక్కలనడుమ సందు మన వెండ్రుక మందములో ఇరువదవ వంతైన నుండదట. అందులో దుమ్ము పడిన నేమగును? పంపును విప్పి విజయవాడ ఆటోనగరులో ఆ పని తెలిసినవారి యొద్దకు పంపిరి. ఖర్చు ఇరువదిరెండు వేలు. గోటితో పోవలసినది గొడ్డలిదాక వచ్చెను. అంతకంటె పెద్ద నష్టము ఆ యెనిమిది దినములు. అవి సంవత్సరమున మరియొకప్పుడైనచో ట్రాక్టరు పాకలో నుండినను చింత లేదు. నాట్ల వేళ ఊరిలో ట్రాక్టరు ఖాళీగా దొరకదు. నారు మడిలోనే ముదిరెను. ముదిరిన నారు నాటిన మడిలో పిలకలు తగ్గుట మీకు నేను చెప్పవలెనా? ఆ పంట తగ్గుదలను అతడు నేటికిని మరమ్మతు ఖర్చులో కలుపడు. తెగుళ్ల పద్దున వ్రాసికొన్నాడు.

ఇంత చెప్పితిని గనుక, పెద్దపెద్ద షోరూములకే పొండని నేను చెప్పుచున్నట్లు భావింపకుడు. చల్లని గదిలో కూర్చుండబెట్టి, టీ యిచ్చి, నేనడుగని పనులకు రెండు పుటల బిల్లు చేతిలో పెట్టిన చోటును నేనెరుగుదును. ఆ టీ మిక్కిలి ఖరీదైనది. మరియు షెడ్డు చిన్నదైనంత మాత్రమున పని చౌకబారుదని యనుకొనుట అన్యాయము. మా ముసలి మేస్త్రి షెడ్డునకు తలుపైనను లేదు. అతడు తొమ్మిదివందల యేబది యడిగినప్పుడు హెచ్చని తలచిన నేను, ఆ మొత్తములో ఏమేమి యున్నవని యడుగలేదు. అడిగియుండినచో చెప్పెడివాడు. మలుపు షెడ్డువానిని తక్కువేలయనియు అడుగలేదు. ఆ రెండవ ప్రశ్నయే ముఖ్యమైనది. హెచ్చు చెప్పినవానిని నిలదీసి యడుగుదుము. తక్కువ చెప్పినవానిని యడుగుటకు మనకు నోరు రాదు, అతడు ధర పెంచునేమోయని. అతడు తన చేతినుండి మనకు మిగిల్చుట లేదు గదా. సరకులోనో, సమయములోనో, పిల్లవాని కూలిలోనో ఎచ్చటనో మిగిల్చుచున్నాడు.

నేను మరల ముసలి మేస్త్రి యొద్దకే పోవుచున్నాను. వెళ్లునప్పుడు పని తొందర పెట్టను. ఉదయముననే పోయి బల్లమీద కూర్చుందును. పత్రిక తీసికొనిపోను. తీసివేసిన పాత సామానును సంచిలో వేసికొని వత్తును. అరిగిన షూను క్రొత్తదాని ప్రక్కన పెట్టి చూచినచో నావంటి పండితునకును తేడా తెలియును. చేసిన పనియు, వేసిన సామానును, తేదీయు కాగితముమీద వ్రాయించి సంతకము చేయింతును. మొదట అతనికి వ్రాయుట కష్టముగా నుండెను. ఇప్పుడు అలవాటైనది, అక్షరములు గూడ కొంత చక్కబడినవి. పండ్రెండు దినములు గడచిన పిమ్మట మరల నొకసారి పోయి మరలన్నియు బిగించి చూడుమని యడుగుదును. దానికతడు డబ్బు తీసికొనడు.

నా భార్య ఆ ప్రమాదము తరువాత ఆరు నెలలు బండి యెక్కలేదు. ఇప్పు డెక్కుచున్నది. అయితే ప్రతిసారియు, చీర కుచ్చెళ్లు సర్దుకొని కూర్చుండబోవుచు, "ఏమండీ, పిన్నుందా?" యని యడుగును. నేను దిగి, వంగి, వ్రేలితో తాకి చూచి, ఉన్నదని చెప్పిన తరువాతనే కూర్చుండును.